ఎల్క్ వేటకు 300 గజాల మజిల్‌లోడర్ కొనాలా?

కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ దగ్గర ఉంటున్న ఒక పాఠకుడు చాలా వివరంగా ఉత్తరం రాశారు. వయసు 36. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్-1బీ వీసా. భార్య, నాలుగేళ్ల పాప. ఆఫీసులో ఒక అమెరికన్ సహోద్యోగితో కలిసి రెండేళ్లుగా కొండల్లోకి వెళ్తున్నారట, ఇంతవరకూ తుపాకి పట్టకుండా వెంట నడవడమే. ఈ ఏడాది హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి, ఏప్రిల్‌లో లైసెన్సుల డ్రాకి దరఖాస్తు పెడితే సెప్టెంబరు మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు, గుండు దట్టించే తుపాకి) సీజనుకి ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) లైసెన్సు తగిలింది. ఇప్పుడు తుపాకి కొనాలి. అక్కడ మొదలైంది చిక్కు.

దుకాణంలో .45 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) బోల్ట్ యాక్షన్ మజిల్‌లోడర్ ఒకటి చూపించి "300 గజాలు హాయిగా కొడుతుంది" అన్నారట. స్కోప్‌తో (గురి చూసే దుర్భిణితో) కలిపి 1,800 డాలర్లు. సహోద్యోగి మాత్రం "300 డాలర్ల తుపాకి చాలు, మిగతా డబ్బుతో మంచి బూట్లు కొనుక్కో" అంటున్నాడు. షూటింగ్ రేంజ్‌లో పరిచయమైన ఇంకొకాయన, మామూలు స్మోక్‌లెస్ పౌడర్ (ఇప్పటి తూటాల్లో వాడే మందు) వేస్తే ఇంకా దూరం పోతుందని సలహా ఇచ్చాడు. ఇంట్లో భార్య తుపాకి అనే మాటే వద్దంటున్నారు: ఒకటి పాప, రెండు వీసా. అమ్మకందారు "ఇది చట్టం దృష్టిలో తుపాకే కాదు, కాగితాలేమీ అక్కర్లేదు" అన్నాడు కానీ పాఠకుడికి నమ్మకం కుదరలేదు. ఊళ్లో వాళ్ల తాతగారికి పూర్వం లైసెన్సు ఉన్న, మూతి నుంచి మందు దట్టించే తుపాకి ఉండేదట. ఈ కోరిక అక్కడి నుంచే వచ్చిందేమో అని ఆయనే రాశారు. "ఒక్కసారే కొంటాను, నాణ్యమైనది కొనాలి, దూరం నుంచి కొట్టగలగాలి. ఏది కొనమంటారు? వీసా టెన్షన్ నిజమైనదేనా?" అన్నది ఆయన ప్రశ్న.

సమాధానం

ముందు మీ డబ్బు సంగతి. దుకాణంలో మీరు చూసి మనసు పారేసుకున్న ఆ రైఫిల్‌తో, మీ చేతిలో ఉన్న లైసెన్సు మీద ఎల్క్‌ని వేటాడటం కుదరదు. కొలరాడోలో మజిల్‌లోడర్‌తో ఎల్క్, మూస్ వేటాడాలంటే కనీసం .50 క్యాలిబర్ ఉండాలి. .45 అనేది జింకకి, ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువుకి, ఎలుగుబంటికి సరిపోతుంది, ఎల్క్‌కి సరిపోదు. అది ఒకటి. రెండోది, మజిల్‌లోడర్ సీజనులో స్కోప్ నిషేధం. మామూలు ఇనుప సైట్లు (గొట్టం మీద గురి చూసే గుర్తులు), పీప్ సైట్లు (చిన్న రంధ్రంలోంచి చూసేవి) మాత్రమే పెట్టుకోవాలి. అంటే ఆ 1,800 డాలర్లలో స్కోప్ కోసం పెట్టే భాగం సెప్టెంబరులో ఇంట్లో అలమరలో ఉంటుంది, తుపాకి కూడా దాని పక్కనే ఉంటుంది.

అమ్మకందారు అబద్ధం ఆడాడని అనను. ఆ రకం రైఫిల్ 300 గజాలు నిజంగానే కొడుతుంది. మీకు ఏ రాష్ట్రంలో, ఏ జంతువుకి, ఏ సీజనుకి లైసెన్సు ఉందో అతను అడగలేదు, మీరూ చెప్పినట్టు లేదు. మజిల్‌లోడర్ కొనేటప్పుడు మొదట చూడాల్సింది ధర, కంపెనీ కాదు, ఆ రాష్ట్రపు రూల్ బుక్.

మీ సీజనుకి ఇంకా ఉన్నాయి నిబంధనలు. గుండు చుట్టూ ఉండే సాబో అనే ప్లాస్టిక్ తొడుగు వాడకూడదు. బిళ్లలుగా వచ్చే పెల్లెట్ మందు వాడకూడదు, పొడి మందు కొలిచి పోసుకోవాల్సిందే. స్మోక్‌లెస్ పౌడర్ కుదరదు. ఇన్‌లైన్ తుపాకి, అంటే ప్రైమర్ (మందుకి నిప్పంటించే చిన్న క్యాప్) నేరుగా గొట్టం వెనకాల కూర్చునే ఆధునిక రకం, వాడొచ్చు. వేరే రాష్ట్రాలకి వెళ్తే కథ మారిపోతుంది. ఐడహోలో మజిల్‌లోడర్ సీజనుకి 209 రకం ప్రైమర్ కూడా పనికిరాదు, జ్వలనం జరిగే చోటు బయటికి కనపడాలి. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ వెళ్లాక వచ్చే సీజను అచ్చంగా చెకుముకి రాయి తుపాకులది. న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాలు ఒకప్పుడు పెద్దది చేసి చూపించే స్కోప్‌లు ఒప్పుకుని, ఈ మధ్య మళ్లీ తీసేశాయి. మిస్సోరీ, కాన్సాస్‌లలో జింక వేటకి స్కోప్ పెట్టుకోవచ్చు. ఇవన్నీ ఏటా మారుతుంటాయి కాబట్టి, నా మాట మీద కాకుండా కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ (రాష్ట్ర వన్యప్రాణి శాఖ) వాళ్ల ఈ ఏడాది బిగ్ గేమ్ బ్రోచర్ తెరిచి మజిల్‌లోడర్ పేజీ మీరే ఒకసారి చదవండి.

ఈ రూల్స్ చూసి విసుక్కోకండి, వాటి వెనక ఒక తగువు ఉంది. 1985లో మిస్సోరీకి చెందిన టోనీ నైట్ అనే గన్‌స్మిత్ ఎంకే-85 అనే ఇన్‌లైన్ రైఫిల్ తెచ్చాడు. అంతకుముందు మజిల్‌లోడర్ అంటే ఎక్కువగా పక్కన సుత్తి ఉండే పాతకాలపు రకమే. ఆ తర్వాత షాట్‌గన్ తూటాల్లో వాడే 209 ప్రైమర్ వచ్చింది, గొట్టం వెనక భాగం పూర్తిగా మూసుకుంది, స్కోప్‌లు ఎక్కాయి. 2019లో సీవీఏ కంపెనీ పారామౌంట్ అనే రైఫిల్‌ని ఏకంగా దూరపు వేట కోసమే అని దించింది. రాష్ట్రాలు ఈ ప్రత్యేక సీజన్లు పెట్టింది దగ్గరికి వెళ్లి ఒక్క గుండుతో వేటాడేవాళ్ల కోసం. కంపెనీలు దూరం పెంచుకుంటూ పోతే రాష్ట్రాలు రూల్స్ బిగించుకుంటూ వస్తున్నాయి. నా వరకు నేను రాష్ట్రాల పక్షం. అయినా మీరు మీ అభిప్రాయం మీరు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు దూరం సంగతి. మీకు వచ్చిన సీజను ఎల్కులు జతకట్టే కాలంలో పడుతుంది. సెప్టెంబరు మధ్యలో మగ ఎల్కులు పొద్దున్నే, సాయంత్రం కూతలు పెడుతుంటాయి. మరో మగది వచ్చిందనుకుంటే వెతుక్కుంటూ వస్తాయి, ఆడ ఎల్క్ పిలుపుకీ వస్తాయి. మీ సహోద్యోగి పిలవడం తెలిసినవాడైతే 300 గజాల దాకా చూడాల్సిన పనే పడకపోవచ్చు. ఆస్పెన్ చెట్లలో, చిక్కటి స్ప్రూస్ అడవిలో 100 గజాల అవతల చూపు ఆనడమే కష్టం. రైఫిల్ సీజను వచ్చే అక్టోబరు, నవంబరు నాటికి కూతలు చాలావరకు ఆగిపోతాయి, అప్పుడు బైనాక్యులర్స్ పెట్టుకుని ఎదుటి కొండ మీద వెతకాలి. దూరపు తుపాకి అప్పుడు పనికొస్తుంది. దూరం కావాల్సిన సీజను అది, దగ్గరికి వచ్చే సీజను మీది. మీ లైసెన్సు మగదానికా ఆడదానికా అన్నది మీరు రాయలేదు. ఆడదానికైతే పిలుపు అంతగా పనిచేయదు, గాలి వాటం చూసుకుని నెమ్మదిగా నడవడమే.

లెక్క కూడా చూద్దాం, ఎందుకంటే "300 గజాలు" అన్న మాట దుకాణంలో ఎంత తేలిగ్గా వినిపిస్తుందో కొండ మీద అంత బరువుగా ఉంటుంది. సాబోలో పెట్టిన 250 గ్రెయిన్ల (గుండు బరువు చెప్పే చిన్న కొలత) గుండు సెకనుకి సుమారు 1,900 అడుగుల వేగంతో బయల్దేరిందనుకోండి. 100 గజాలకి సరిచేసి పెట్టుకుంటే, 200 గజాల దగ్గర దాదాపు అడుగు కిందకి, 300 గజాల దగ్గర దాదాపు నాలుగడుగులు కిందకి పడుతుంది. గంటకి 10 మైళ్ల పక్కగాలి 200 గజాల్లో దాన్ని 9 అంగుళాలు, 300 గజాల్లో రెండడుగుల దాకా తోసేస్తుంది. 300 గజాలకి చేరడానికి అర సెకను పైనే పడుతుంది, ఆలోగా ఎల్క్ ఒక అడుగు ముందుకు వేస్తే గుండు పొట్టలో తగులుతుంది. పొట్టలో దెబ్బ తిన్న ఎల్క్ మైళ్లు నడిచి ఎక్కడో పడిపోతుంది, మీకు దొరకదు.

.45 క్యాలిబర్ దూరపు రైఫిళ్లు 280 గ్రెయిన్ల ప్రాంతంలో ఉండే సన్నటి, పొడవాటి గుండుని 2,200 అడుగుల వేగంతో పంపి ఈ నష్టాన్ని బాగా తగ్గిస్తాయి. ధరలో ఎక్కువ భాగం దానికే. కానీ గాలిని అంచనా వేయడం, జంతువు కదలిక, గుండె దడదడలాడుతున్నప్పుడు మీ చేయి ఎంత నిలకడగా ఉంటుందన్నది ఆ ధరలో రావు.

మీ సీజనుకి కుదిరే సరంజామాతో లెక్క ఇంకా తగ్గుతుంది. సాబో లేదు కాబట్టి గొట్టం నిండా పట్టే, కొన తేలిన బరువైన కోనికల్ గుండు వేయాలి, ఎల్క్‌కి 350 గ్రెయిన్లు, ఆ పైన. అది సెకనుకి 1,450 అడుగుల వేగంతో వెళ్తుందనుకుంటే, 100 గజాలకి సరిచేశాక 150 దగ్గర ఏడెనిమిది అంగుళాలు, 200 దగ్గర 20 అంగుళాల పైన కిందకి పడుతుంది. దీనికి తోడు ఇనుప సైటు. ముందు సైటు పూస వెడల్పు 0.06 అంగుళం ఉండి, కంటికి గజం దూరంలో ఉందనుకుంటే, 200 గజాల దగ్గర అది 12 అంగుళాల చోటుని కప్పేస్తుంది. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు మొత్తం పూస వెనక మాయమైపోతుంది. అందుకే ఈ సీజనులో 100 గజాలు మంచి దూరం, 150 బాగా సాధన చేసినవాడి దూరం. ఆ పైన వద్దు.

ఇక మీ ముందున్న దారులు.

మొదటిది, .50 క్యాలిబర్ ఇన్‌లైన్, మధ్యలో విరిచి తెరిచే బ్రేక్ యాక్షన్ రకం. సీవీఏ వాళ్ల వుల్ఫ్ లాంటివి 300 డాలర్ల అటూఇటుగా దొరుకుతాయి, అదే కంపెనీ అక్యూరా రకాలు దాదాపు రెట్టింపు. ట్రెడిషన్స్ కంపెనీవీ ఇదే వరసలో ఉంటాయి. గొట్టం లోపలి మెలిక 28 అంగుళాలకి ఒక చుట్టు ఉండేది చూసుకుంటే కోనికల్ గుండు, సాబో గుండు రెండూ బాగా పోతాయి. ఈ సెప్టెంబరులో పీప్ సైటు, పొడి మందు, కోనికల్ గుండుతో వాడతారు. రేపు మిస్సోరీలో జింక వేటకి వెళ్తే అదే తుపాకికి స్కోప్ బిగించి, సాబో వేసి 200 గజాల దాకా పోతారు. "ఒక్కసారే కొంటాను" అన్నారు కదా, ఆ మాటకి దగ్గరగా ఉన్నది ఇదే. నష్టమేమిటంటే, 300 గజాల కల దీంతో తీరదు.

రెండోది, మీకు నచ్చిన .45నే కొనడం, కానీ ఎల్క్ కోసం కాదని తెలిసి కొనడం. మ్యూల్ డీర్ అనే జింకకి, ప్రాంగ్‌హార్న్‌కి, స్కోప్ ఒప్పుకునే రాష్ట్రాల్లో వైట్‌టెయిల్ జింకకి అది మంచి ఆయుధం. ఈ ఏడాది ఎల్క్‌కి మాత్రం ఇంకో తుపాకి తెచ్చుకోవాలి. విమానంలో ఇంకో రాష్ట్రానికి వెళ్తే మందు, ప్రైమర్లు బ్యాగులోగానీ చేతిలోగానీ తీసుకెళ్లనివ్వరు, దిగాక కొనుక్కోవాలి. దూరపు రైఫిల్ ఒక రకం మందుకి, ఒక రకం ప్రైమర్‌కి సరిచేసి ఉంటుంది, దిగిన ఊళ్లో అది దొరక్కపోతే ట్రిప్పు దండగ. కారులో వెళ్లగలిగేవాళ్లకి ఈ బాధ లేదు.

మూడోది మీకు రుచించకపోవచ్చు. మీకు నిజంగా ఇష్టమైనది దూరం నుంచి కొట్టడమే అయితే మజిల్‌లోడరే అక్కర్లేదు. మామూలు తూటాలు వేసే సెంటర్‌ఫైర్ రైఫిల్ అంతకంటే తక్కువ ధరకి, అంతకంటే దూరం, అంతకంటే కచ్చితంగా కొడుతుంది, గురి తప్పితే రెండో గుండు సిద్ధంగా ఉంటుంది. రైఫిల్ సీజనుకి వేరే లైసెన్సు తీసుకోవాలి, వీసా సంగతి కూడా దీనికి ఇంకాస్త గట్టిగా చూసుకోవాలి, అది కింద చెబుతాను. మజిల్‌లోడర్‌లో మీకు నచ్చేది మందు కొలవడం, దట్టించడం, ఆ పొగ, ఒక్కటే గుండు ఉందన్న భయం అయితే, అప్పుడు దూరం కోసం వెంపర్లాడటం దేనికి? తాతగారి ప్రస్తావన చూస్తే మీరు రెండో రకం మనిషిలా అనిపించారు. తప్పయితే మన్నించండి.

నాలుగోది, ఈ ఏడాది ఏమీ కొనకపోవడం. మీ సహోద్యోగి దగ్గర పాత మజిల్‌లోడర్ ఉంటే అడగండి, ఇలాంటివాళ్లకి సాధారణంగా ఒకటికి రెండు ఉంటాయి. వేసవంతా దాంతో సాధన చేసి, సీజను గడిచాక మీకు ఏది కావాలో మీకే తెలుస్తుంది. కొత్తగా కొని ఏడాది తిరక్కుండా సగం ధరకి అమ్మేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

నన్ను అడిగితే మొదటిదీ నాలుగోదీ మధ్య తేల్చుకోమంటాను.

కొనేటట్టయితే నాణ్యత అంటే ఏం చూడాలి? రంగు, చెక్కపని, పెట్టె మీద రాసిన గజాలు వదిలేయండి. గొట్టం మూతి అంచు చూడండి, గుండు చివరిగా తాకి వెళ్లేది దాన్నే. అక్కడ గీత గానీ వంకర గానీ ఉంటే ఎంత ఖరీదైనదైనా గురి నిలవదు. గొట్టం వెనక భాగాన్ని మూసే బ్రీచ్ ప్లగ్ తేలిగ్గా ఊడి వస్తుందో లేదో దుకాణంలోనే తిప్పి చూడండి, ఎందుకంటే ప్రతిసారీ శుభ్రం చేయాల్సింది దాని గుండానే. ట్రిగ్గర్ గరగరలాడకుండా ఒక్కసారిగా వదలాలి. గొట్టం స్టెయిన్‌లెస్ గానీ నైట్రైడ్ పూత గానీ ఉంటే మంచిది. బ్లాక్ పౌడర్ మసి గాలిలో తేమని లాక్కుంటుంది, శుభ్రం చేయకుండా వదిలేస్తే గొట్టం లోపల తుప్పు పట్టిపోతుంది. కొలరాడో కొండల్లో సెప్టెంబరు మధ్యాహ్నాలు ఉరుములతో వాన మామూలే, ఆ సంగతి కూడా ఆలోచించుకోండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే లావుపాటి ఫైబర్ ఆప్టిక్ సైటు తీసేసి పీప్ సైటు, సన్నటి ముందు పూస వేయించుకోండి. తుపాకి మీద పెట్టే ఏ ఖర్చు కంటే దీనివల్లే మీ గురి ఎక్కువ బాగుపడుతుంది.

మందు విషయం. అసలు బ్లాక్ పౌడర్ దొరకడం కష్టం, మసి ఎక్కువ. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్, బ్లాక్‌హార్న్ 209 అనేవి ప్రత్యామ్నాయాలు. మొదటి రెండింటికీ వేడి సబ్బునీళ్లతో కడిగితే సరిపోతుంది, కానీ రెండు మూడు గుళ్లకోసారి గొట్టం తుడవకపోతే తర్వాతి గుండు లోపలికి దిగనని మొండికేస్తుంది. బ్లాక్‌హార్న్ 209 మసి తక్కువ చేస్తుంది, వరసగా చాలా గుళ్లు పేల్చొచ్చు, కానీ ఖరీదు, దానికి 209 ప్రైమర్, సరైన బ్రీచ్ ప్లగ్ ఉండాలి, శుభ్రానికి నీళ్లు కాదు, సాల్వెంట్ వాడాలి. ఇందులో ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా వినండి. మజిల్‌లోడర్ మందుని గిన్నె కొలతతో, అంటే పరిమాణంతో చెబుతారు. బ్లాక్‌హార్న్ 100 గ్రెయిన్ల కొలత అంటే తూకంలో సుమారు 70 గ్రెయిన్లే. కొలతకి బదులు తక్కెడలో 100 తూచి పోస్తే దాదాపు సగం ఎక్కువ మందు పోసినట్టే. ఏ పద్ధతి వాడతారో మొదటిరోజే తేల్చుకుని, తుపాకి పుస్తకంలో ఉన్న గరిష్ఠ పరిమితి దాటకండి. గుండు పూర్తిగా మందు మీద కూర్చుందో లేదో తెలిసేలా దట్టించే కడ్డీ మీద టేపుతో గీత పెట్టుకోండి. మధ్యలో ఆగిన గుండు మీద పేలిస్తే గొట్టం చీలిపోతుంది.

స్మోక్‌లెస్ పౌడర్ సలహా ఇచ్చిన పెద్దమనిషికి దణ్ణం పెట్టి దూరంగా ఉండండి. సావేజ్ 10ఎంఎల్-II లాంటి ఒకటి రెండు తుపాకుల్ని, కొన్ని కస్టమ్ రైఫిళ్లని మాత్రమే దానికోసం తయారుచేశారు. మీరు చూస్తున్న వాటిల్లో అది పోస్తే ఒత్తిడి తట్టుకోలేక గొట్టం ముఖం మీదే పేలొచ్చు. మీ సీజనులో నిషేధం కూడా కాబట్టి దీని గురించి ఇక మాట్లాడక్కర్లేదు.

వీసా. మీ టెన్షన్ నిజమైనదే, అమ్మకందారు చెప్పింది సగం నిజమే. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర ఉంచుకోకూడదు. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అందులో ఒకటి అమెరికాలో ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం. ఇక బ్లాక్ పౌడర్‌తో గానీ దాని ప్రత్యామ్నాయంతో గానీ పనిచేసేలా చేసిన, మామూలు తూటాలు వేయలేని మజిల్‌లోడర్‌ని ఫెడరల్ చట్టం "యాంటిక్" కింద లెక్కించి తుపాకి నిర్వచనం నుంచి తప్పిస్తుంది. అందుకే కాగితాలు లేకుండా అమ్ముతారు. కానీ గొట్టం మార్చి మామూలు తూటాల తుపాకిగా తిప్పుకోగలిగే రకాలకి, తుపాకి ఫ్రేమ్ మీద కట్టిన రకాలకి ఈ మినహాయింపు లేదు. థాంప్సన్/సెంటర్ ఎన్‌కోర్ అలాంటిదే. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రాష్ట్ర చట్టాలు వేరేగా ఉండొచ్చు. స్మోక్‌లెస్‌కి పనికొచ్చే రకాల విషయంలో ఈ మినహాయింపు వర్తిస్తుందని మీ అంతట మీరు అనుకోవద్దు.

అందుకని కొనబోయే మోడల్ పేరు, మీ వీసా కాగితాలు, హంటింగ్ లైసెన్సు పట్టుకుని ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక గంట కలవండి. ఆఫీసు తరఫున ఉండే లాయర్ కాకపోతే మంచిది, ఆయన కంపెనీ మనిషి. లైసెన్సు గడువు ముగిశాక తుపాకి ఇంట్లో ఉంటే పరిస్థితి ఏమిటని ప్రత్యేకంగా అడగండి, సెంటర్‌ఫైర్ రైఫిల్ వైపు మొగ్గితే ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ల తరబడి నిలబడ్డ మనిషి ఆ గంట ఫీజు దగ్గర పొదుపు చేయకూడదు. అన్నట్టు, ఈ కారణంగా తుపాకి కొనడం వచ్చే ఏడాదికి వాయిదా వేసినా చిన్నతనమేమీ కాదు.

మీ భార్య గారి మాట. ఆవిడ రెండు భయాల్లో ఒకటి పైన చెప్పిన వీసా. అది న్యాయమైన భయం, లాయర్ దగ్గరికి ఆవిడని కూడా తీసుకెళ్లండి, జవాబు మీ నోటి నుంచి కాకుండా నేరుగా వింటే నమ్మకం వేరు. రెండోది పాప. ఇక్కడ మజిల్‌లోడర్‌కి ఒక సౌకర్యం ఉంది. ఇన్‌లైన్ రకంలో బ్రీచ్ ప్లగ్ ఊడదీసి వేరే చోట తాళం వేస్తే మిగిలేది పేలని ఇనుప గొట్టమే. తుపాకి ఒక లాకర్‌లో, ప్లగ్, ప్రైమర్లు ఇంకో తాళంలో, మందు దాని అసలు డబ్బాలోనే, వాటర్ హీటర్‌కీ ఫర్నేసుకీ దూరంగా. పిల్లలు తిరిగే ఇంట్లో తుపాకికి తాళం ఉండాలని కొలరాడోలో 2021 నుంచి చట్టమే ఉంది. మామూలు ట్రిగ్గర్ లాక్‌తో సరిపెట్టుకోకండి. అప్పటికీ ఆవిడ వద్దంటే, తుపాకి సహోద్యోగి ఇంట్లో అతని సేఫ్‌లో ఉంచే దారి ఉంది. దానికీ ఒప్పుకోకపోతే ఒప్పించే పని మీది, నాది కాదు. ఆవిడకి చెప్పకుండా కొని కారు డిక్కీలో దాచే ఆలోచన మాత్రం చేయకండి, ఉత్తరంలో ఒక చోట ఆ వాసన తగిలింది.

మిగిలింది సాధన. జులై మొదట్లోగా తుపాకి చేతికి రావాలి. మొదట బల్ల మీద ఆన్చి 50 గజాలకి, తర్వాత 100 గజాలకి సరిచేసుకోండి. ఆ తర్వాత బల్ల వదిలేయండి, కొండ మీద బల్ల ఉండదు. మోకాలి మీద కూర్చుని, చెట్టుకి ఆనుకుని, కాస్త పరుగెత్తి ఆయాసంగా ఉన్నప్పుడు కాల్చి చూడండి. ఎంత దూరంలో మీ గుళ్లన్నీ ఒక పేపర్ ప్లేట్‌లో పడతాయో అంతే మీ దూరం. అందులోనూ చల్లటి గొట్టం నుంచి వెళ్లే మొదటి గుండు ఎక్కడ పడిందో విడిగా రాసుకోండి, ఎల్క్ ముందు మీకు ఉండేది ఆ ఒక్కటే. ఆగస్టు మొదట్లో మీ దూరం 70 గజాలని తేలితే 70కే కట్టుబడి వెళ్లండి. 40 కూడా రాకపోతే లైసెన్సు వెనక్కి ఇచ్చే పద్ధతి, దాని గడువు ఏమిటో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ ఆఫీసుకి ముందే ఫోన్ చేసి కనుక్కుని ఉంచుకోండి. గడువు సాధారణంగా సీజనుకి చాలా ముందే అయిపోతుంది కాబట్టి ఆ ఫోన్ ఈ వారమే చేయండి.